గాజుల పిచ్చుక

మా పై వాటాలో ఉండే అత్తయ్యగారిని తలచుకుంటే ముందుగా ఆవిడ చేతులే గుర్తొస్తాయి. కోతలప్పుడు వాళ్ల ఊరి నుంచి వరికంకులు తెప్పించి, కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం బాల్కనీలో వేలాడదీసేవారు. విజయవాడలో మా వీధికి పిచ్చుకలు రావడం మానేసి ఏళ్లయింది. ఆ సంగతి మావయ్యగారికి తెలియకూడదని ఆవిడ పంతం. చూపు పోయాక ఆయన పిట్టల అలికిడి వింటూ, వాటి మీద పద్యాలు అల్లుకుంటూ బతికేవారు.

అందుకని రోజూ పొద్దున్నే ఆవిడే కుచ్చును అరచేతుల మధ్య నలిపి గింజలు రాల్చేవారు.

"వచ్చాయా?" అని లోపల్నుంచి ఆయన అడిగేవారు.

"వచ్చాయండీ. మీ గొంతు వినగానే ఎగిరిపోయాయి."

ఆయన వెంటనే పద్యం అందుకునేవారు.

ఒకరోజు కాఫీపొడి కోసం పైకి వెళ్లాను. ఆవిడ బాల్కనీలో ఉన్నారు. మావయ్యగారు నన్ను దగ్గరకు పిలిచి గొంతు తగ్గించారు.

"విన్నావా అమ్మాయ్? మా ఇంటికొచ్చే పిచ్చుక గాజులు వేసుకుంటుంది. నాకు తెలుసని దానికి చెప్పకు. మళ్లీ రాదు."

మొన్న వేసవిలో ఆయన పోయారు. పదోరోజున ఆవిడ చేతుల గాజులు తీసేశారు.

ఇప్పటికీ పొద్దున్నే పైనుంచి మా బాల్కనీలోకి వరిపొట్టు రాలుతోంది. నిన్న ఉండబట్టలేక అడిగాను.

"ఇంకా ఎందుకండీ అత్తయ్యగారూ?"

"పద్యం అందుకుంటారేమోనని" అన్నారు, లోపలి గది వైపు చూస్తూ.

ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది? కుచ్చు నలుగుతోంది గానీ, గాజుల చప్పుడేది?