బోరు పైపులో చందమామ

మొదటి జీతం చేతికొచ్చిన కొత్తలో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. గుండ్లపోచంపల్లిలో ఓ చిన్న కంపెనీలో కుదిరిన ఆ రోజుల్లో నేనూ అంతే. దేవరయాంజాల్‌లో మా బాపు వేయించిన బోరు ఎండిపోతే, మిగిలిన కేసింగ్ పైపు ముక్కకు అడుగున లోపలికి గుంటగా ఉండే అద్దం, మూతి దగ్గర వెలుగును పక్కకు తిప్పే ఏటవాలు చిన్నద్దం, దానికెదురుగా పక్కన కన్ను పెట్టి చూసే గొట్టం బిగించి టెలిస్కోపు చేశాను. "గా పైపుల నీళ్లే రాలే, సందమామ వస్తడా?" అన్నాడు బాపు. వచ్చాడు! గుంటలతో సహా వచ్చాడు. వాడకట్టంతా మా డాబా ఎక్కి చూసింది, మోకాళ్ల నొప్పులున్న మా అవ్వ తప్ప. "మెట్లెక్కుడు నాతోని గాదు బిడ్డా. అండ్ల కుందేలున్నదా లేదా, గదొక్కటి జెప్పు" అంది. చెప్పడమెందుకు, ఫోటో తీసి నీ చేతిలోనే పెడతానని అందరి ముందూ మాటిచ్చేశాను.

మేడ్చల్‌లో స్టూడియో అన్నను బతిమాలి కెమెరా తెచ్చి, గొట్టానికి తగిలించాను. మసగ్గా కనబడుతున్నా ఫోటోలో సర్దుకుంటుందిలే అని (అదీ నా తెలివి) రీలంతా తీశాను. కడిగిచ్చిన అన్న, "తమ్మీ, గిన్ని అప్పడాలెందుకు దీసినవ్?" అన్నాడు. సంగతేమిటంటే, బొమ్మ గొట్టం అంచు దగ్గరే ఏర్పడుతోంది. ఫిల్మేమో కెమెరా పొట్టలో ఇంకా వెనక ఉంది. కెమెరాను అంతకన్నా లోపలికి నెట్టే వీల్లేదు. పైపు పొట్టి చేస్తే సరి అని రంపంతో రెండంగుళాలు కోసేశాను. (ఏ కొస అని అడగరేం? మూతి వైపు! అద్దం ఉన్నది అడుగున. మూతి ఎంత కోసినా అద్దానికీ కెమెరాకూ మధ్య దూరం తగ్గదని, మళ్లీ అదే అప్పడం కనబడ్డాక గానీ వెలగలేదు.) మళ్లీ రంపం తీశాను. "ఇంకెంత కోస్తవ్‌రా? ఇగ గ్లాసంత మిగుల్తది" అని బాపు పరేషానయ్యాడు. ఈసారి అడుగున కోసి, అద్దాన్ని పైకి జరిపి బిగించాను.

ఆ సాయంత్రం సగం చంద్రుడు కెమెరాలో గుంట గుంటా లెక్కపెట్టేంత స్పష్టంగా నిలిచాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఫోటో పెద్దదిగా వేయించి అవ్వ చేతిలో పెట్టాను. ఆమె కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. కుందేలు లేదని ఇక ఒప్పుకుంటుందనుకున్నాను.

"అయ్యో, సందమామకు అమ్మవారు పోసిందిరా! గాయనకు పానం బాగలేకుంటే, నువ్వు ఊరందరికి జూపిస్తున్నవా?"

ఫోటోను గోడకు పెట్టించి, పైన వేపమండ గుచ్చింది. పైపు మీద దుప్పటి కప్పించింది. పున్నమినాడు వాకిట్లో మంచం మీద కూర్చుని తలెత్తి చూసి, తృప్తిగా అంది: "సూడు, మొత్తం తగ్గింది. కుందేలు గూడ వచ్చింది."

ఇప్పుడు నాకూ మోకాళ్లు పట్టేస్తున్నాయి. పున్నమినాడు డాబా ఎక్కే ఓపిక లేక, వాకిట్లోనే కూర్చుని తలెత్తి చూస్తాను. నిజమే అవ్వా, తగ్గింది.