వదినె బత్తాయి పాదులు

మా వదినెకు, అంటే మా ఆయన అక్కకు, ముప్పై బత్తాయి చెట్లుండేవి. పెళ్లైన మూడేళ్లకే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన ఆమెకు మా మామగారు చూపించిన ఆధారం అదొక్కటే. మా ఊరు నాందేడ్ జిల్లాలో కర్ఖేలికి దగ్గర. కాయలు ఉమ్రి బజారుకు వెళ్లేవి. వాటి మీదే ఆమె ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతికేది.

డెబ్బైల్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మెట్రిక్ చదివినదాన్ని, అదీ మరాఠీలో. ఆ పొగరు నాకు బాగానే ఉండేది. వదినె పాదుల్లో రాలిన ఆకు, పేడ, పులిసిన మజ్జిగ, ఏది పడితే అది వేసేది. చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆకంతా ఊడ్పించి కాల్పించాను. చెదలు పట్టకుండా తెల్ల పొడి మందు తెప్పించి ప్రతి పాదులో చల్లించాను. మూడేళ్లు ఆ పని నా అజమాయిషీలోనే నడిచింది. పాదులు మా వాకిలంత శుభ్రంగా ఉండేవి, చూసి మురిసిపోయేదాన్ని.

కాయ మాత్రం పాడైంది. తొక్క మందం, లోపల పిప్పి, ఉన్న కాస్త రసమూ చప్పన. ఉమ్రిలో మా గంపను చూడగానే మొహం తిప్పుకునేవారు. ఒకరోజు భోజనం దగ్గర మా బావగారు, అంటే మా ఆయన అన్న, తేల్చి చెప్పేశారు: “ఇంక రెండు కాతలు చూస్త. గిట్లనే ఉంటే చెట్లు కొట్టేసి పత్తి పెడ్త.”

ఆ వారమే నేను నాందేడ్ వెళ్లి వ్యవసాయ ఆఫీసులో ఒక సాహెబును కలిశాను. నేను సంచిలో తీసుకెళ్లిన కాయను కోసి చూసి, చెట్లకు ఏం చేస్తున్నారని అడిగారు. గొప్పగా చెప్పాను. ఆయన తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మట్టిలో కంటికి కనిపించని జీవులుంటాయట, ఆకును కుళ్లబెట్టి వేళ్లకు అందించేవి అవేనట. మా మందు చెదలతో పాటు వాటినీ చంపి ఉంటుందని, తినడానికి ఆకు కూడా లేకుండా చేశామని మెల్లగా చెప్పారు. నల్ల పొడి ఉన్న రెండు పొట్లాలిచ్చారు. ఆ జీవులే అందులో ఉన్నాయని, ఎండ తగలనీయకుండా పశువుల ఎరువులో కలిపి పాదుల్లో వేయమని అన్నారు.

ఇంటికొచ్చి పొట్లాలు గూట్లో పెట్టాను. వాటి సంగతి చెబితే నా మందు సంగతీ చెప్పాలి. రేపు చెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే మిద్దె మీద మిరపకాయల పక్కన ఆ నల్ల పొడి ఆరబోసి ఉంది. మా ఇంట్లో తడిగా ఉన్నదేదీ ఎండబెట్టకుండా దాచరు.

“తేమ తేమ ఉండె పిల్లా, బూజు పడ్తదని ఆరేసిన,” అంది వదినె.

నేను అరిచాను. అందులో ప్రాణాలున్నాయని, చెట్లను బాగుచేసేవి అవేనని, ఎండకు అన్నీ చచ్చి ఉంటాయని ఇల్లెగిరిపోయేలా అరిచాను. తప్పు నా దగ్గర పెట్టుకుని ఆమె మీద పడ్డాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వదినె ఆ పొడిని చేతిలోకి తీసుకుని చూసింది. “ఇంట్ల పెరుగు పాడైతె ఏంజేస్తం? పక్కింటికి పోయి తోడు అడుక్కొస్తం గద,” అని లేచింది.

పక్క పొలం ముసలమ్మ చెట్ల బత్తాయిలు ఒలుస్తుంటేనే చేతుల మీద రసం కారేది. ఆ చెట్ల కింది మట్టినే తోడుగా అడగాలని వదినె ఆలోచన. కానీ మా వైపు పొలం మట్టిని ఇంకొకరికి ఇవ్వరు, ఇస్తే పంట కూడా వెంట పోతుందని పట్టింపు. ముసలమ్మ ఆ మాటే అంది. వదినె రెండు గంపల పేడ ఎరువు ముందుగా ఆమె చెట్ల కింద దింపింది.

“ఉత్తగ అడుగుతలేనమ్మా, బదులు తెచ్చిన.”

ముసలమ్మ కాసేపు నసిగి, పార తానే తెచ్చి ఇచ్చింది. ఆ చెట్ల కింది చల్లటి మట్టిని గంపలకెత్తి, తడిగుడ్డ కప్పి మోసుకొచ్చి మా పాదుల్లో కలిపాం. ఆకు, పేడ, మజ్జిగ మళ్లీ పాదుల్లోకి వచ్చాయి. తెల్ల పొడి మళ్లీ మా గడప తొక్కలేదు.

మొదటి కాతలో పెద్దగా తేడా లేదు. రెండో కాతకు తొక్క పలచబడింది. వదినె చెట్టు కిందే ఒక కాయ ఒలిచి సగం నాకు పెట్టింది. పులుపు వెనక తీపి తగిలింది. బావగారు రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని వెళ్లిపోయారు. ఆయన ఒప్పుకోవడమంటే అదే.

“నీ పున్నెమాయె పిల్లా, నా చెట్లను బతికిచ్చినవ్,” అంది వదినె.

ఇక దాచలేక, వాటిని చంపబోయింది నేనేనని, అంతా ఆ తెల్ల పొడి వల్లేనని, సాహెబు చెప్పినవన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా.

ఆమె గింజలు ఏరి పారేస్తూ, “నాకెర్కనే,” అంది. “నువ్వు మందు చల్లిచ్చిన ఏడాదే వానపాములు కానరాకుంట పోయినయ్.”

“మరి చెప్పలేదేంది వదినె? మూడేండ్లు ఎట్ల చల్లనిచ్చినవ్?”

“నేనీ ఇంటికి మళ్లొచ్చినంక నా చెట్ల దిక్కు చూసింది నువ్వొక్కదానివే. వద్దంటే మల్ల తోటకు రావేమోనని.”