మా ఇంటి మీది విమానం

మా అమ్మాయి రమ్య డిగ్రీ రెండో సంవత్సరం. ఈ సెలవుల్లో ఇంటి నుంచే ఒక ఆడియో కంపెనీకి ఇంటర్న్‌షిప్ చేస్తోంది. పిల్లల కథలు చదివి, రికార్డు చేసి పంపాలి. శంషాబాద్‌లో మా ఇంటి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. అందుకని బట్టల బీరువా తెరిచి, తల లోపల పెట్టి, పైన బొంత కప్పుకుని చదివేది. నేను ఫ్యాన్ ఆపి, కుక్కర్ దించి, వెనక నిలబడేదాన్ని. దూరంగా విమానం వినపడగానే వీపు తట్టేదాన్ని. అది పోయాక మళ్లీ మొదలు.

ఈ రోజు మొదటి కథ ఆ కంపెనీ యాప్‌లో వచ్చింది. మేకపిల్ల విమానాన్ని చూసే కథ. ఇంటిల్లిపాదీ కూర్చుని విన్నాం. విమానం మోత మా ఇంటి మీదిదే గానీ, చదివిన గొంతు మా పిల్లది కాదు. రమ్య స్పీకర్ పెట్టి, కంపెనీలో వాళ్ల సార్‌కు ఫోన్ చేసింది.

"నీ రికార్డింగ్‌లో ఒకచోట విమానం మోత పడిందమ్మా. అందుకే ఏఐ గొంతు పెట్టేశాం. మోత మాత్రం భలే ఉంది, కథలో వాడుకున్నాం. అలాంటివి ఇంకో నాలుగు పంపు."

"నా పేరు గిట్ల వేస్తరా సార్?"

"విమానానికి పేరెందుకమ్మా?" అని నవ్వాడు.

రమ్య బొంత మడిచి బీరువాలో పెట్టేసింది. "ఇగ ఫ్యాన్ వేస్కో అమ్మా" అంది.

నేను తట్టడం మరిచిన ఆ ఒక్క విమానమే వాళ్లకు పనికొచ్చింది. మీ పిల్లలు ఆ కథ వింటుంటే, మోత వచ్చిన చోట ఒక్క మాట చెప్తారా? అది రమ్య రికార్డు చేసిందని.