చేతులు వదిలిన క్షణం

మేం ఎడిన్‌బర్గ్‌లో ఉన్నప్పుడు, చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తయ్యతో కలిసి స్కాట్లాండ్ కొండల్లో హస్కీ కుక్కలు లాగే మంచుబండి ఎక్కాను. ఆవిడ ముందు కూర్చున్నారు. నేను వెనక నిలబడి తోలాలి. "పడిపోయినా సరే, బండి పిడి మీంచి చేతులు మాత్రం వదలొద్దు. ఆ చెట్ల అవతల చెరువుంది, దాని మీద ఐసు పల్చగా ఉంది" అని ముందు బండిలోని గైడు రెండుసార్లు చెప్పాడు.

సగం దారిలో ఆగాం. కుక్కలు ఒకటే మొరుగుడు. బ్రేకు మీద కాలు సర్దుకోబోతే నా బూటు అత్తయ్య వీపుకి తగిలింది. "అయ్యో!" అంటూ గ్లౌజు లాగేసి, ఆవిడ భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. రెండు చేతులూ వదిలేశానని, బ్రేకు మీంచి కాలు తీశానని తెలిసేలోపే కుక్కలు బండిని లాగేశాయి, నేను మంచులో పడున్నాను. మొరుగుడు ఆగిపోయింది. పరిగెత్తే కుక్కలు అరవవు. బండి చప్పుడు లేకుండా చెట్లలోకి వెళ్ళిపోయింది.

లేచి బండి జాడల వెంట పరిగెత్తాను. సరిగ్గా చెరువు అంచున గైడు తన బండి అడ్డం పెట్టి కుక్కల్ని ఆపాడు.

"అత్తయ్యా, భయపడ్డారా?" అన్నాను రొప్పుతూ.

"భయం దేనికే? వెనక నువ్వున్నావుగా," అన్నారావిడ, తల తిప్పకుండానే.

ఇప్పటికీ ఎవరికైనా కాలు తగిలితే, దణ్ణం పెట్టేముందు నా చేతుల్లో ఏముందో చూసుకుంటాను.