పలకరింపుకు ఒక బటన్

కోవిడ్ రెండో విడత సద్దుమణిగిన ఏడాది, వానాకాలం చివర్లో, నన్ను గుడివాడ నుంచి బందరు బదిలీ చేశారు. హోదా ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఈ మాట వినగానే మా బంధువులు "అంటే కాళ్లూ చేతులూ కదిలించడమేగా" అనేవారు. అది ఫిజియోథెరపిస్టు పని. కదలని చేతులు కదలకుండానే ఆ మనిషి అన్నం తినేలా, చదువుకునేలా, ఉద్యోగం చేసుకునేలా చూడటం మా పని. ఈ తేడా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి డాక్టరమ్మా అంటే పలకడం అలవాటు చేసుకున్నాను.

చేరిన కొత్తలోనే ఎస్తేరురాణి గారి కేసు వచ్చింది. దివిసీమలో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే టీచరు. కరకట్ట మీద ఆటో బోల్తా పడి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మాట, తల కదలిక నిక్షేపంగా ఉన్నాయి. భుజాల కింద ఏదీ ఆవిడ మాట వినదు.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వం తీసెయ్యడానికి లేదు. చేయగలిగిన పోస్టు చూపించాలి. అది కుదరకపోతే సూపర్‌న్యూమరరీ పోస్టు ఇవ్వాలి. అంటే పోస్టు కాగితం మీద ఉంటుంది, జీతం బ్యాంకులో పడుతుంది, పని మాత్రం ఉండదు. ఊళ్లో అందరూ దాన్నే అదృష్టం అన్నారు. ఆవిడ భర్త ప్రకాశం గారికీ అదే మేలనిపించింది. ఒళ్లు మండింది ఆవిడ ఒక్కరికే.

"ఇన్నేళ్లు పొద్దున్నే చీర కట్టుకుని బడికెళ్లిన మనిషిని. జీతం ఇస్తాం, గుమ్మం దాటమాకు అంటే ఎట్టాగండీ?" అని నన్నడిగారు.

మండల విద్యాశాఖ కార్యాలయంలో ఒక పని ఉంది. బడులు పంపిన పిల్లల వివరాలు తెర మీద ఒక పక్క చూస్తూ, ఇంకో పక్క గడుల్లోకి ఎక్కించాలి. ఎవరి సాయం లేకుండా అది చేసి చూపిస్తే ఆ పోస్టు ఇస్తారు. లేకపోతే ఇల్లే. చూసి నివేదిక రాయాల్సింది మండల విద్యాశాఖాధికారి, అందరూ ఎంఈవో గారు అంటారు.

కీబోర్డు ముట్టుకోలేనివారికి దారులు చాలానే ఉన్నాయి. ఆవిడది చివరి వరసదాకా వినిపించే గొంతు కాబట్టి వాయిస్ టైపింగ్ ఎంచుకున్నాను. మాట్లాడితే అక్షరాలు పడతాయి. గడి నుంచి గడికి వెళ్లడానికి హెడ్ మౌస్ పెట్టాను. తెర మీది కెమెరా ముఖాన్ని కనిపెడుతుంది, తల ఎటు తిప్పితే బాణం గుర్తు అటు వెళ్తుంది. ఒకచోట కాసేపు నిలిపితే నొక్కినట్టు లెక్క.

చల్లపల్లి దాటాక వాళ్ల ఊరు. బస్సులో వెళ్లి ఇంట్లోనే సాధన చేయించాను. ప్రకాశం గారు ఫ్యాను కూడా ఆపేసి, అరుగు మీద కాపలా కూర్చునేవారు. వచ్చినవాళ్లను అటునుంచటే పంపేసేవారు. ఆ నిశ్శబ్దమే కొంప ముంచుతుందని నాకు తట్టలేదు.

పరీక్ష రోజు ఆఫీసులో మొదటి పేర్లు చక్కగా పడ్డాయి. ఎంఈవో గారు తల పంకించారు. అంతలో ఓ పెద్దవయసు హెడ్మాస్టరు సంతకం కోసం గుమ్మంలోకి వచ్చారు. ఎస్తేరురాణి గారు అలవాటు చొప్పున తల వంచారు. బాణం ఎగిరి వేరే గడిలో పడింది. "నమస్కారం మాస్టారూ, రండి, కూర్చోండి, అమ్మగారికి ఒంట్లో ఎట్టా ఉంది?" అన్నారు. అదంతా 'తండ్రి పేరు' అన్న గడిలోకి ఎక్కింది. మాస్టారి జవాబూ ఎక్కింది. కంగారుపడి "అయ్యో, ఇదేంటండీ" అంటే అదీ ఎక్కింది. గుమాస్తా ఒకాయన ఫక్కున నవ్వాడు. చివరికి మౌస్ పట్టుకుని నేనే ఆపాను. సాయం లేకుండా కుదరదని నా చేత్తో నేనే తేల్చేశాను.

ఎంఈవో గారు మంచివారు. "పాపం, ఎందుకండీ ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం, ఇంటి దగ్గర ఉండనివ్వండి" అన్నారు. బతిమాలి వచ్చే వారం ఇంకో అవకాశం తీసుకున్నాను.

వరండాలో ఆవిడకు చెప్పాను, పని చేసేటప్పుడు ఎవరినీ పలకరించవద్దని. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"చేతులు పోయినయ్యి, సరే. గుమ్మంలోకి వచ్చిన మనిషిని రండి అనకుండా బొమ్మలాగా కూర్చోమంటే నావల్ల కాదు మేడమ్. దానికంటే ఇల్లే నయం."

ప్రకాశం గారు రుమాలుతో ఆవిడ కళ్లు తుడిచారు. నాకు కోపం వచ్చింది. ఆ పోస్టు కోసం నాకంటే ఎక్కువ తపించింది ఆవిడ, ఒక్క నమస్కారం కోసం వదులుకుంటానంటోంది. ఆవిడ అడిగింది న్యాయమేనని ఒప్పుకోవడానికి బందరు చేరేదాకా పట్టింది.

మా వృత్తిలో స్విచ్ అనేది బూరె అంత గుండ్రటి బటన్. దాన్ని వీల్‌చైర్ తలదిండు పక్కన, కుడి చెంపకు అందేలా బిగించాను. చెంపతో ఒకసారి తడితే మైకు మూసుకుని, బాణం ఉన్నచోటే నిలిచిపోతుంది. మళ్లీ తడితే రెండూ పనిలో పడతాయి. ఈసారి ప్రకాశం గారిని అరుగు మీంచి లేపి, దారిన పోయేవాళ్లందరినీ లోపలికి పిలవమన్నాను. ఆ వారమంతా వాళ్లిల్లు పెళ్లివారిల్లయింది. కొందరు రెండోసారి కూడా వచ్చారు, కాఫీ బాగుందని.

రెండో పరీక్షలో ఎంఈవో గారు కావాలనే మధ్యలో కల్పించుకుని, "టీచరు గారూ, టీ చెప్పమంటారా?" అన్నారు. ఎస్తేరురాణి గారు చెంప వాల్చి బటన్ తట్టారు. ఆయన వైపు తల తిప్పి, "తర్వాత తాగుతానండీ, ఈ బడి పిల్లలు ఇంకా ఉన్నారు. మీరు తీసుకోండి" అన్నారు. తెర మీద ఒక్క అక్షరం పడలేదు. మళ్లీ తట్టి తర్వాతి పేరు చదివారు. ఆ బడి పూర్తయ్యేదాకా మేమెవరం కంప్యూటర్ వైపు చెయ్యి చాచలేదు. పోస్టు ఆవిడకు వచ్చింది.

చేతులు ఆడేవాళ్లం ఎవరైనా వస్తే కీబోర్డు మీంచి చేతులు తీసి మాట్లాడతాం. అలా తీయగలగడం కూడా ఒక పనేనని అప్పటిదాకా నాకు తోచలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరికి కంప్యూటర్ అమర్చినా, దాన్ని ఆపే దారి ముందు చూశాను. రాసే దారి తర్వాత.