గున్‌వోర్ సబ్బు సీసా

స్వీడన్‌లోని ఊమియో పట్టణంలో ఒక బేకరీలో ఏళ్ల తరబడి రొట్టెలు కాల్చిన గున్‌వోర్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో పంపు నొక్కితే తేలికైన ప్లాస్టిక్ ద్రవసబ్బు బుడ్డి తూలి సింకులో పడేది. చేతులు కడగడానికి భర్త సిక్స్‌టెన్ రావాల్సిందే. అదే ఆమెకు మింగుడు పడలేదు.

లింగన్ పళ్ల జామ్ అయిపోయాక ఖాళీ గాజుసీసా ఎత్తి చూసింది. మంచి బరువుంది. వెంటనే మూతను చెక్కమీద పెట్టి సుత్తి అందుకుంది.

"మేకు నువ్వు పట్టుకో, కొట్టేది నేను."

"ఎడంచేత్తోనా? నా వేళ్లు నాక్కావాలే!"

"కదిలావంటే తప్పు నీదే!"

మూతకు కన్నం పడింది. పాత బుడ్డి పంపును అందులో బిగించి, సీసాలో సబ్బు నింపారు.

పడిపోయిన కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, అరచేతిని పంపు ముక్కు కింద ఆనించి, గున్‌వోర్ ఎడంచేత్తో గట్టిగా నొక్కింది. సీసా కదల్లేదు. అరచేతిలో సబ్బు పడింది. రెండు చేతులూ తానే కడుక్కుంది.

సిక్స్‌టెన్ తువ్వాలు అందించబోయాడు.

"అదీ నేనే తీసుకుంటా. పక్కకు జరుగు!" అంది, ముఖమంతా వెలిగిపోతుండగా.