మా ల్యాబ్‌లో నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరిగాయి

2023లో నేను హనుమకొండలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్తున్నాను. అప్పటికే ఇరవై రెండేళ్ల సర్వీసు. స్టాఫ్ రూంలో నాతో వాదన పెట్టుకోవడానికి జనం జంకేవాళ్లు. "పిల్లలు ప్రశ్నలు అడగాలి, మనం చిలకల్ని తయారుచేస్తున్నాం" అని ప్రతి మీటింగులో లేచి నిలబడి అందర్నీ దులిపేసేది నేనే. ఆ చిలకల్ని పెంచుతున్నది ఎవరో నాకు తెలిసొచ్చిన సంగతి ఇది.

మా సబ్జెక్టులో ల్యాబ్ రికార్డు అని ఒకటుంటుంది. ప్రయోగం చేసి, కంటికి కనిపించిన కొలత, అంటే రీడింగ్, అందులో రాసి టీచరు చేత సంతకం పెట్టించుకోవాలి. ఆ వారం ప్రయోగం చాలా తేలిక. నీళ్లు మరిగించి బాయిలింగ్ పాయింట్ చూడాలి, అంటే ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో రాయాలి. నలభై రెండు మంది పిల్లలకు ఒక స్టవ్వు, ఒక థర్మామీటరు. వరుసలో వచ్చి ఒక్కొక్కరే చూసి పోయారు. నేను పక్క టేబుల్ దగ్గర కూర్చొని పాత రికార్డుల మీద సంతకాలు చేసుకుంటున్నాను.

రికార్డులు దిద్దితే నలభై ఒక్క మందికి వంద డిగ్రీలు వచ్చింది. ఒక్క అమ్మాయి మాత్రం తొంభై ఆరు రాసింది. ఆఫ్రీన్. వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర జ్యూసు బండి ఉంది. నెమ్మదైన పిల్ల, గొంతు పెగలదు. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "అజాగ్రత్త. సరిచేసి తీసుకురా" అని రాశాను. మర్నాడు తొంభై ఆరు మీద వైట్‌నర్ పూసి, దాని మీద వంద రాసి తెచ్చింది. సంతకం పెట్టాను.

అంతటితో ఊరుకున్నానా? జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్‌కు మా స్కూలు నుంచి పంపాల్సిన ఇద్దరిలో ఆ పిల్ల పేరు కూడా ఉంది. పేర్లు ఇంకా జిల్లాకు పోలేదు. హెడ్మాస్టరు దగ్గరికి పోయి నేనే కొట్టేయించాను.

"నా పేరు తీసేసిండ్రా మేడం?" అని వరండాలో అడిగింది.

"ముందు థర్మామీటరు చూసుడు నేర్చుకో," అన్నాను. తల వంచుకొని వెళ్లిపోయింది.

తర్వాతి వారం ఉప్పు నీళ్ల ప్రయోగం. పోల్చి చూపిద్దామని ముందు మామూలు నీళ్లు నేనే మరిగించాను. గిన్నె కుతకుతలాడుతోంది. థర్మామీటరు తొంభై ఆరు దగ్గర ఆగింది. రెండు నిమిషాలు చూశాను, మూడు చూశాను. కదల్లేదు.

"ఇంకా సరిగ్గ మరగనట్టున్నయ్," అన్నాను.

ముందు బెంచీ రాకేశ్ లేచాడు. "మరుగుతానయ్ మేడం. గా థర్మామీటరు అంతనే సూపిస్తది."

"అంతనే అంటే?"

"పోయిన వారం గూడ తొంభై ఆరే ఉండె."

"అందరు చూసిండ్రా?"

"చూసినం మేడం!" క్లాసంతా ఒకే గొంతు.

"మరి వంద ఎందుకు రాసిండ్రు?"

నాకేమైంది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసి రాకేశే చెప్పాడు. "వంద రావాలె గద మేడం."

పట్టకారుతో గిన్నె దించాను. పిల్లలు కాపీ కొట్టి దొరకడం నాకు కొత్త కాదు. ఇది కాపీ కాదు. నలభై ఒక్క మంది కళ్లతో ఒకటి చూసి, చేత్తో ఇంకొకటి రాశారు. ఒక్కరి మొహంలో కూడా తప్పు చేసిన జాడ లేదు. టీచరుకు ఏది ఇష్టమో అది మర్యాదగా ఇచ్చారు, అంతే. చూసింది చూసినట్టు రాసిన ఒక్క పిల్లకు నేను అజాగ్రత్త అని పేరు పెట్టాను.

అల్మారాలోంచి రికార్డుల కట్ట లాగి ఆఫ్రీన్ది తెరిచాను. వైట్‌నర్, వంద, నా సంతకం. పేజీ తిప్పాను. దిద్దిన రోజు తిప్పలేదు. వెనక పెన్సిల్‌తో సన్నటి అక్షరాలు: "ఐసులో పెడితే మైనస్ మూడు. మరిగే నీళ్లలో తొంభై ఆరు. రెండు చోట్ల మూడు నాలుగు తక్కువ. పైన ఎర్రది చిన్న ముక్క తెగి ఇరుక్కున్నది. అందుకే కావచ్చు."

థర్మామీటరు కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాను. గొట్టం చివర ఎర్రటి చుక్క. మూడేళ్లుగా అదే థర్మామీటరుతో పాఠం చెప్తున్నాను.

"ఐసు ఎక్కడిదే?" అని ఆఫ్రీన్‌ను అడిగాను.

"మా అబ్బా బండి మీదిది మేడం. టిఫిన్ డబ్బాల తెచ్చి రీసెస్ల పెట్టి చూసిన."

"ఇంత కనిపెట్టి నాకెందుకు చెప్పలె? ఏమనను, చెప్పు."

"మీరు అడగుమంటరు మేడం. అడిగితే 'పాఠం ఇన్నవా లేదా' అంటరు. అందరు నవ్వుతరు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మళ్లీ వాళ్లే ఆగిపోయారు.

బెల్లు కొట్టగానే హెడ్మాస్టరు గదికి పోయాను. "సార్, ఆఫ్రీన్ పేరు మళ్లీ చేర్చాలె."

"ఏంది మేడం, మొన్ననే కొట్టేయమంటిరి!"

"మొన్న తప్పు చేసిన. ఇయ్యాల ఒప్పుకుంటాన. నేను ఒప్పుకునుడు మీకు రోజు దొరకది, జల్ది రాసుకోండ్రి."

నవ్వుకుంటూ రాశాడు.

మర్నాడు క్లాసులో ఆఫ్రీన్‌కు అందరి ముందు క్షమాపణ చెప్పాను. కనిపించిందే రాయాలని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నా ఉపన్యాసం నాకే తెగ నచ్చింది. కొత్త థర్మామీటరు కొని మళ్లీ నీళ్లు మరిగించాను. తొంభై తొమ్మిది చూపించింది. నీళ్లు వందకు మరిగేది సముద్రమట్టం దగ్గర; మా ఊరు దానికంటే ఎత్తు కాబట్టి ఆ ఒక్క డిగ్రీ తగ్గుతుంది. పిల్లలు వరుసలో వచ్చి చూసి రాశారు.

రికార్డులు తెరిస్తే ముప్పై మందికి పైగా తొంభై ఆరు.

"ఏందిరా ఇది?" అని అరిచాను.

రాకేశ్ బెదిరిపోయాడు. "మీకు తొంభై ఆరు గావాలె గద మేడం?"

మొదటి దెబ్బ కంటే ఇది గట్టిగా తగిలింది. వాళ్లు చూస్తున్నది థర్మామీటరును కాదు, నా మొహాన్ని. వంద నచ్చే మొహం పోయి తొంభై ఆరు నచ్చే మొహం వచ్చిందనుకున్నారు. ఉపన్యాసంతో నేను మార్చగలిగింది అంకెను మాత్రమే. ఆఫ్రీన్, ఇంకో నలుగురు తొంభై తొమ్మిది రాశారు.

అప్పట్నుంచి రీడింగ్ తీసేటప్పుడు నేను కిటికీ వైపు తిరిగి నిలబడుతున్నాను. ఎవరి రీడింగ్ వాళ్లు ముందు చీటీ మీద రాసి మడిచి డబ్బాలో వేయాలి, మాటలు తర్వాత. "కరెక్ట్" అనడం మానేశాను. సరిగ్గా చెప్పినా "ఎట్ల తెలిసింది?" అనే అడుగుతాను. మొదటి నెల నరకం. అడిగితే చాలు, తప్పనుకొని రబ్బరు తీసేవాళ్లు. దసరా సెలవులు దాటాక ఒకరోజు థర్మామీటరు రీడింగ్ మీద రాకేశ్ నాతో జగడం పెట్టుకున్నాడు. "లేదు మేడం, నేను చూసిన. ఎనభై ఏడే. మీరే వచ్చి చూడుండ్రి." ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు? పోయి చూశాను. ఎనభై ఏడే.

ఎగ్జిబిషన్‌కు ఆఫ్రీన్ ఆ పాత థర్మామీటరే పట్టుకుపోయింది. "పాడైనది ఎందుకు తెచ్చినవమ్మా?" అని జడ్జి అడిగితే, "పాడైందని ఎట్ల తెలుసుకోవాల్నో సూపెట్టనీకి సార్," అంది. ఆ గొంతు అంత దూరం వినబడుతుందని నాకు తెలియదు. బహుమతి రాలేదు.

తిరిగొచ్చిన మర్నాడు క్లాసు మధ్యలో చెయ్యి ఎత్తింది. "మేడం, మీరు చెప్పినట్టు సముద్రం కాడ నీళ్లు నిజంగ వందకే మరుగుతయా? మీరు చూసిండ్రా?"

'పాఠం విన్నవా లేదా' అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"చూడలే బిడ్డా. చదివిన," అన్నాను.

ఇన్నేళ్ల సర్వీసులో క్లాసులో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు.